బ్రికింగ్ (గేమ్ కన్సోలు)

బ్రికింగ్ అనగా ఒక ఎలక్ట్రానిక్ పరికరంలో స్థిరంగా ఉండే సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) చెడిపోయి, ఆ పరికరం ఇటుక వలె ఎందుకూ పనికిరాని స్థితికి చేరడం. మొబైలు ఫోన్లు, రూటర్లు, కంప్యూటరు మదర్‌బోర్డులు మొదలైన అనేక పరికరాలకు ఈ స్థితి కలుగవచ్చును. ఈ వ్యాసం ముఖ్యంగా వీడియో గేమ్ కన్సోళ్ళలో ఫర్మ్‌వేర్ నవీకరణ (అప్‌డేట్) మధ్యలో ఆగిపోవడం వలన కలిగే బ్రికింగ్ గురించి వివరిస్తుంది.

నవీకరణ జరుగుతుండగా కరెంటు పోవడం, వాడుకరి తొందరపడి స్విచ్చి ఆపివేయడం, హార్డ్‌డిస్కులో లోపం ఉండడం ఇందుకు సాధారణ కారణాలు. ఇలా ఆగిన కన్సోలు తెర మీద ఏమీ చూపకపోయినా, దానిలోని ప్రాసెసరు, మెమరీ వంటి భాగాలు చాలా సందర్భాలలో చెక్కుచెదరకుండా ఉంటాయి. చెడినది లోపల వ్రాసి ఉన్న ప్రోగ్రాము మాత్రమే. కనుక కన్సోలు కోలుకొంటుందా లేదా అన్నది రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది. చెడిన ప్రోగ్రాము కంటే ముందుగా నడిచే ప్రోగ్రాము ఏదైనా చెడకుండా మిగిలి ఉండవలెను. దానికి కొత్త ఫర్మ్‌వేర్‌ను అందించే మార్గం కూడా ఉండవలెను.

పేరు

ఆంగ్లంలో బ్రిక్ అంటే ఇటుక. పని చేయని పరికరాన్ని బరువుకు తప్ప మరి దేనికీ వాడలేమన్న హాస్యం నుండి ఈ పేరు వచ్చింది. "కన్సోలు బ్రిక్ అయింది" అని వాడుకలో అంటారు. 2007 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ విడుదల చేసిన 1.1.1 నవీకరణ తరువాత, అన్‌లాక్ చేసిన ఐఫోన్లు కొన్ని పని చేయకుండా పోయినపుడు ఈ మాట వార్తాపత్రికలలో కూడా విరివిగా కనిపించింది.

కచ్చితంగా చెప్పాలంటే ఎన్నటికీ బాగుపడని పరికరాన్ని మాత్రమే బ్రిక్ అనవలెను. అయితే వాడుకలో తాత్కాలికంగా ఆగిన కన్సోలును కూడా అలాగే పిలుస్తున్నారు. దీని వలన బాగుచేయడానికి వీలున్న కన్సోళ్ళను కూడా పాడైపోయినవిగా భావించి పారవేసే ప్రమాదం ఉంది.

నేపథ్యం

ఫర్మ్‌వేర్ అనే మాటను 1967లో ఆషర్ ఆప్లర్ డేటామేషన్ పత్రికలో వ్రాసిన వ్యాసంలో ప్రవేశపెట్టాడు. హార్డ్‌వేర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ నడుమ ఉండేదనే అర్థంలో ఈ మాట నిలిచిపోయింది.

తొలితరం కన్సోళ్ళలో బ్రికింగ్ సమస్య లేదు. 1983లో జపానులో విడుదలైన నింటెండో ఫామికామ్‌లో ఆట ప్రోగ్రాము మొత్తం క్యాట్రిడ్జిలోనే ఉండేది. కన్సోలులో మార్చడానికి ఏమీ లేదు. 1994 నాటి ప్లేస్టేషన్, 2000 నాటి ప్లేస్టేషన్ 2 కన్సోళ్ళలో బయోస్ ఉన్నప్పటికీ అది కర్మాగారంలోనే రామ్ కాక రోమ్ చిప్పులో స్థిరపరచబడినది. వాడుకరి దానిని మార్చే వీలు లేనందున, చెడగొట్టే వీలూ లేదు.

తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా 1980వ దశకంలో కనుగొన్న ఫ్లాష్ మెమరీ ఈ పరిస్థితిని మార్చింది. కరెంటు లేకపోయినా సమాచారాన్ని నిలుపుకొంటూ, అవసరమైనపుడు చెరిపి తిరిగి వ్రాయడానికి వీలైన మెమరీ ఇది. ప్లేస్టేషన్ పోర్టబుల్ (పీఎస్‌పీ, 2004), ఎక్స్‌బాక్స్ 360 (2005), ప్లేస్టేషన్ 3, వీ (రెండూ 2006) కన్సోళ్ళ తరంలో ఫర్మ్‌వేర్‌ను ఫ్లాష్ మెమరీలో ఉంచి, ఇంటర్నెట్టు ద్వారా నవీకరించడం సర్వసాధారణమైంది. కొత్త సౌకర్యాలు చేర్చడం, దోషాలు సవరించడం, భద్రతా లోపాలు పూడ్చడం ఈ నవీకరణల ఉద్దేశాలు.

కొన్ని ఆటల డిస్కులలోనే నవీకరణ కూడా ఉండేది. దానిని అంగీకరిస్తే తప్ప ఆట మొదలు కాదు. అందువలన ఇంటర్నెట్టు లేని వాడుకరికి కూడా నవీకరణ తప్పలేదు, దానితో వచ్చే ప్రమాదమూ తప్పలేదు.

నవీకరణ ఆగితే ఏమి జరుగుతుంది

నవీకరణలో రెండు దశలు ఉంటాయి. మొదటిది కొత్త ఫర్మ్‌వేర్ ఫైలును దింపుకోవడం (డౌన్‌లోడ్). రెండవది దానిని ఫ్లాష్ మెమరీలోకి వ్రాయడం (ఇన్‌స్టాల్). మొదటి దశలో అంతరాయం కలిగితే సాధారణంగా నష్టం లేదు. పాత ఫర్మ్‌వేర్ అలాగే ఉంటుంది, ఫైలును మళ్ళీ దింపుకోవచ్చును. ప్రమాదం రెండవ దశలోనే.

ఫ్లాష్ మెమరీలో పాత సమాచారం మీద నేరుగా కొత్తది వ్రాయడం సాధ్యం కాదు. వ్రాయడం వలన ఒక బిట్టు 1 నుండి 0కు మాత్రమే మారగలదు. తిరిగి 1గా మార్చడానికి ఆ బిట్టు ఉన్న బ్లాకు మొత్తాన్ని చెరపవలెను. పలక మీద ఒక్క అక్షరాన్ని దిద్దడానికి ఆ వరుసంతా తుడిచి తిరిగి వ్రాయడం వంటిది ఇది. తుడవడం పూర్తయి, వ్రాయడం ఇంకా మొదలుకాని క్షణంలో కరెంటు పోతే అక్కడ పాత ప్రోగ్రామూ ఉండదు, కొత్త ప్రోగ్రామూ ఉండదు.

కన్సోలు మొదలయ్యే క్రమం ఈ నష్టాన్ని పెంచుతుంది. కన్సోలును ఆన్ చేయగానే ప్రోగ్రాములన్నీ ఒకేసారి నడవవు. ముందుగా ప్రాసెసరులో మార్చలేని విధంగా ఉన్న ఒక చిన్న ప్రోగ్రాము నడుస్తుంది. అది ఫ్లాష్ మెమరీలోని బూట్‌లోడరును పిలుస్తుంది. బూట్‌లోడరు కన్సోలు యొక్క ఆపరేటింగ్ సిస్టమును, అది మెనూను పిలుస్తాయి. ప్రతి మెట్టులోనూ తరువాతి ప్రోగ్రాము యొక్క డిజిటల్ సంతకాన్ని పరీక్షిస్తారు. తయారీదారు సంతకంతో సరిపోని ప్రోగ్రామును నడవనీయరు. దొంగ ప్రతులను అడ్డుకోవడానికి పెట్టిన ఈ పరీక్షకు, మార్పు చేసిన ప్రోగ్రామూ సగం వ్రాసిన ప్రోగ్రామూ ఒకేలా కనిపిస్తాయి. అందుచేత ఒక్క బ్లాకు తప్పిపోయినా కన్సోలు ఆ మెట్టు దగ్గరే ఆగిపోవచ్చును.

రకాలు

చెడిన మెట్టును బట్టి బ్రికింగ్‌ను స్థూలంగా మూడు రకాలుగా చెప్పవచ్చును.

పాక్షిక బ్రిక్: కన్సోలు మొదలవుతుంది, ఆటలు కూడా నడవవచ్చు, కాని ఏదో ఒక భాగం పని చేయదు. వీ కన్సోలులో వేరొక ప్రాంతానికి చెందిన డిస్కులోని నవీకరణను అంగీకరించిన వారికి సెట్టింగుల పేజీ తెరుచుకోకపోవడం దీనికి ఉదాహరణ.

సాఫ్ట్ బ్రిక్: మెనూ రాదు, లేదా కన్సోలు తనంతట తాను మళ్ళీ మళ్ళీ మొదలవుతూ ఉంటుంది. అయితే బూట్‌లోడరు క్షేమంగా ఉంటుంది. సురక్షిత స్థితి (సేఫ్ మోడ్) వంటి మార్గం ద్వారా వాడుకరి స్వయంగా బాగుచేసుకొనే అవకాశం ఉంది.

హార్డ్ బ్రిక్: బూట్‌లోడరే చెడిపోతుంది. దీపం వెలిగినా తెర మీద ఏమీ రాదు, ఏ బటనుకూ స్పందన ఉండదు. చిప్పులోకి నేరుగా వ్రాసే పరికరం గానీ, తయారీదారు మరమ్మత్తు కేంద్రం గానీ ఉంటే తప్ప సాధారణంగా బాగుపడదు.

హార్డ్‌వేర్ లోపాలతో భేదం

నవీకరణ జరిగిన రోజునే చెడిపోయిన ప్రతి కన్సోలూ నవీకరణ వలననే చెడిందని చెప్పలేము. నవీకరణ సమయంలో కన్సోలు హార్డ్‌డిస్కు మీద చాలాసేపు వ్రాస్తుంది, తరువాత తిరిగి మొదలవుతుంది. అప్పటికే బలహీనపడిన భాగం ఆ సమయంలో బయటపడవచ్చును.

ఎక్స్‌బాక్స్ 360లో మూడు ఎర్ర దీపాలు వెలగడం ఫర్మ్‌వేర్ బ్రికింగ్ కాదు, హార్డ్‌వేర్ వైఫల్యానికి గుర్తు. ఈ సమస్య విస్తృతంగా ఉన్నందున 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ సంస్థ దీనికి వారంటీని మూడేళ్ళకు పెంచి, అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చూపవలసి వచ్చింది. ప్లేస్టేషన్ 3లో హార్డ్‌డిస్కు గానీ, బ్లూరే డ్రైవు గానీ పాడై ఉంటే నవీకరణ పూర్తి కాకుండా ఆగిపోవచ్చును. అటువంటప్పుడు ఫర్మ్‌వేర్‌ను ఎన్నిసార్లు ఎక్కించినా ఫలితం ఉండదు, పాడైన భాగాన్ని ముందు మార్చవలెను.

ప్రముఖ సంఘటనలు

పీఎస్‌పీ: 2005 అక్టోబరులో పీఎస్‌పీని లక్ష్యంగా చేసుకొన్న ఒక ట్రోజను ప్రోగ్రామును సైమాంటెక్ సంస్థ గుర్తించింది. పాత ఫర్మ్‌వేర్‌కు మారడానికి సహాయపడుతుందని చెప్పుకొంటూ అది ఫ్లాష్ మెమరీలోని ముఖ్యమైన ఫైళ్ళను తొలగించేది. ఆ తరువాత పీఎస్‌పీ మొదలయ్యేది కాదు.

ఇటువంటి పీఎస్‌పీలను బాగుచేసే మార్గం 2007లో బయటపడింది. సోనీ మరమ్మత్తు కేంద్రాల కోసం పీఎస్‌పీలో ఒక రహస్య సేవా స్థితి ఉన్నది. బ్యాటరీలోని చిన్న మెమరీ చిప్పులో ఉండే క్రమసంఖ్యను కన్సోలు మొదలయ్యేటప్పుడు చదువుతుంది. ఆ సంఖ్యలోని 32 బిట్లూ 1గా ఉంటే, కన్సోలు ఫ్లాష్ మెమరీని వదిలి మెమరీ స్టిక్ నుండి మొదలవుతుంది. క్రమసంఖ్య మార్చిన బ్యాటరీని, ప్రత్యేకంగా సిద్ధం చేసిన మెమరీ స్టిక్‌ను కలిపి వాడే ఈ పద్ధతికి పండోరా బ్యాటరీ అని పేరు వచ్చింది. ఫ్లాష్ మెమరీలో ఏమి చెడినా, మార్చలేని తొలి మెట్టు చెక్కుచెదరక ఉన్నందుననే ఇది సాధ్యమైంది. ఇదే పద్ధతితో అనధికార ఫర్మ్‌వేర్‌ను ఎక్కించడం కూడా వీలయ్యేది. 2008లో వచ్చిన పీఎస్‌పీ 3000 నమూనాలో ఈ బ్యాటరీ పని చేయకుండా పోయింది.

ప్లేస్టేషన్ 3: 2008 జూలై 2న విడుదలైన 2.40 ఫర్మ్‌వేర్ ఎక్కించిన తరువాత కొందరి కన్సోళ్ళలో మెనూ రాలేదు. సోనీ దానిని ఉపసంహరించి, జూలై 8న 2.41ను విడుదల చేసింది. 2013 జూన్ 18న వచ్చిన 4.45 విషయంలోనూ ఇలాగే జరిగింది. దానిని ఉపసంహరించి జూన్ 27న 4.46 విడుదల చేశారు. వాడుకరి ఏ పొరపాటూ చేయకపోయినా నవీకరణలోని దోషం వలన కన్సోలు ఆగిపోగలదని ఈ రెండు సంఘటనలు తెలుపుతాయి.

వీ: 2009 సెప్టెంబరులో వచ్చిన 4.2 నవీకరణ మెనూతో పాటు బూట్‌లోడరులో ఒక భాగాన్ని కూడా తిరిగి వ్రాసింది. బూట్‌లోడరులో చేరిన అనధికార ప్రోగ్రాములను తొలగించడానికి ఇది పనికివచ్చింది. కాని ఏ మార్పులూ చేయని కన్సోళ్ళు కూడా కొన్ని పని చేయడం మానివేశాయని వాడుకరులు ఫిర్యాదు చేశారు.

వీ యూ: 2012 నవంబరు 18న అమెరికాలో వీ యూ విడుదలైనపుడు, కొన్న రోజునే పెద్ద నవీకరణను దింపుకోవలసి వచ్చింది. దీనికి గంటకు పైగా పట్టినట్లు వాడుకరులు తెలిపారు. పూర్తి కాకముందే తీగ తీసివేసిన కన్సోలు పని చేయకుండా పోయిందని వార్తలు వచ్చాయి. నవీకరణ జరుగుతున్నంతసేపూ కన్సోలును ఆపవద్దని నింటెండో సూచించింది.

కోలుకొనే మార్గాలు

నవీకరణ మధ్యలో ఆగినట్లు కనిపించినపుడు మొదట చేయవలసినది వేచి ఉండడం. పురోగతిని చూపే గీత చాలాసేపు ఒకే చోట నిలిచిపోవచ్చును. ప్లేస్టేషన్ 3 వంటి కన్సోళ్ళలో హార్డ్‌డిస్కు దీపం మినుకుమినుకుమంటూ ఉంటే వ్రాత ఇంకా జరుగుతున్నట్లే. నిజంగా ఆగిపోయినదని తేలిన తరువాత కన్సోలును ఆపి, తీగను తీసి, కొద్ది నిమిషాల తరువాత మళ్ళీ ప్రయత్నించవలెను. ఆ తరువాత తెర మీద ఏమీ రాకపోతే టీవీ తీగను, టీవీలో ఎంచుకొన్న ఇన్‌పుట్‌ను కూడా పరీక్షించడం మంచిది. కన్సోలు క్షేమంగానే ఉండి చిత్రం మాత్రమే రాకపోయే సందర్భాలు కలవు.

తరువాతి మెట్టు సురక్షిత స్థితి. దీనిని చేరే విధానం కన్సోలును బట్టి మారుతుంది.

ప్లేస్టేషన్ 3: ఆపివేసి ఉన్న కన్సోలు పవర్ బటనును, కన్సోలు మొదలై తిరిగి ఆగేవరకు పట్టుకొని వదిలి, మళ్ళీ నొక్కి పట్టుకోవలెను. బీప్ శబ్దాలు వినిపించి, చివరకు వెంటవెంటనే రెండు బీప్‌లు వచ్చినపుడు వదలవలెను. కంట్రోలరును యూఎస్‌బీ తీగతో కలపవలెను.

ప్లేస్టేషన్ 4, ప్లేస్టేషన్ 5: ఆపివేసి ఉన్న కన్సోలు పవర్ బటనును నొక్కి పట్టుకొంటే ఒక బీప్, సుమారు ఏడు సెకన్ల తరువాత రెండవ బీప్ వినిపిస్తాయి. అప్పుడు వదలవలెను. ఇక్కడ కూడా కంట్రోలరును తీగతోనే కలపవలెను.

నింటెండో స్విచ్: ఆపివేసి ఉన్నపుడు శబ్దాన్ని పెంచే, తగ్గించే బటన్లు రెండింటినీ పట్టుకొని పవర్ బటను నొక్కవలెను. సేవ్ ఫైళ్ళను తొలగించకుండా కన్సోలును ప్రారంభ స్థితికి తెచ్చే ఎంపిక ఇందులో వేరుగా ఉన్నది.

ఎక్స్‌బాక్స్ వన్, దాని తరువాతి నమూనాలు: కంట్రోలరును జతపరిచే బటనును, డిస్కును బయటకు తీసే బటనును పట్టుకొని ఎక్స్‌బాక్స్ బటను నొక్కవలెను. రెండు ధ్వనులు వినిపించిన తరువాత వదలవలెను. డిస్కు డ్రైవు లేని నమూనాలలో జతపరిచే బటను ఒక్కటే చాలును.

సురక్షిత స్థితి మెనూ వచ్చినదంటే బూట్‌లోడరు క్షేమంగా ఉన్నట్లే. అప్పుడు కొత్త ఫర్మ్‌వేర్‌ను యూఎస్‌బీ డ్రైవు ద్వారా అందించవచ్చును. ఫైలును తయారీదారు అధికారిక వెబ్‌సైటు నుండి మాత్రమే వేరే కంప్యూటరులో దింపుకోవలెను. ప్లేస్టేషన్ కన్సోళ్ళకు డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలోనూ, ఎక్స్‌బాక్స్ వన్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలోనూ ఫార్మాటు చేసి ఉండవలెను. ప్లేస్టేషన్ విషయంలో ఫోల్డర్ల పేర్లు, ఫైలు పేరు తయారీదారు చెప్పినట్లే ఆంగ్ల పెద్ద అక్షరాలలో ఉండవలెను. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా కన్సోలు ఆ ఫైలును గుర్తించదు. బ్రౌజరు ఫైలు పేరు చివర సంఖ్యను చేర్చడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు.

మెనూలోని ఎంపికలను తక్కువ నష్టం కలిగించే వాటి నుండి మొదలుపెట్టి వరుసగా ప్రయత్నించవలెను. తిరిగి మొదలుపెట్టడం, నవీకరణను మళ్ళీ ఎక్కించడం, డేటాబేసును పునర్నిర్మించడం వలన సేవ్ ఫైళ్ళు సాధారణంగా పోవు. ప్లేస్టేషన్ 4లో ఏడవ ఎంపిక అయిన "సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌తో సహా ప్రారంభ స్థితికి తేవడం" మాత్రం కన్సోలులో ఉన్నదంతా తొలగిస్తుంది. దీనికి మామూలు నవీకరణ ఫైలు సరిపోదు, పునఃస్థాపన కోసం విడిగా ఇచ్చే పెద్ద ఫైలు కావలెను.

సేవ్ ఫైళ్ళ సంగతి

చాలామంది వాడుకరులకు కన్సోలు ధర కంటే, నెలల తరబడి ఆడి దాచుకొన్న ఆటల సమాచారమే విలువైనది. అది ఎక్కడ ఉన్నదో తెలిస్తే ఎంత నష్టం జరిగిందో అంచనా వేయవచ్చును.

పీఎస్‌పీలో సేవ్ ఫైళ్ళు మెమరీ స్టిక్‌లో ఉంటాయి. ఫర్మ్‌వేర్ చెడినా వాటికి హాని లేదు, మరొక పీఎస్‌పీలో పెట్టి ఆటను కొనసాగించవచ్చును. వీలో అవి ఫర్మ్‌వేర్ ఉండే 512 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీలోనే ఉంటాయి. ప్లేస్టేషన్ 3లో హార్డ్‌డిస్కు మీద ఉంటాయి. ఆ డిస్కును ఊడదీసి వేరొక కన్సోలులో గానీ, కంప్యూటరులో గానీ పెడితే చదవడం కుదరదు. ఆ కన్సోలుకు మాత్రమే చెందిన తాళంతో అది సంకేతీకరించబడి ఉంటుంది. నింటెండో స్విచ్‌లో ఆటలను మెమరీ కార్డులో ఉంచినప్పటికీ సేవ్ ఫైళ్ళు కన్సోలు లోపలే ఉంటాయి.

మరమ్మత్తు కేంద్రానికి పంపిన కన్సోలులోని మెమరీని చెరపవచ్చును, లేదా కన్సోలునే మార్చి ఇవ్వవచ్చును. కాబట్టి సమాచారం ముఖ్యమైనదైతే పంపే ముందే ఈ విషయాన్ని అడిగి తెలుసుకోవలెను.

మరమ్మత్తుకు గల హద్దులు

హార్డ్ బ్రిక్ అయిన కన్సోలును విప్పి, ఫ్లాష్ చిప్పుకు తీగలు అతికించి, ప్రోగ్రామరు అనే పరికరంతో ఫర్మ్‌వేర్‌ను నేరుగా వ్రాయడం సాంకేతికంగా సాధ్యమే. అయితే ఒక కన్సోలు నుండి తీసిన ప్రతి మరొక దానికి పనికిరాదు. ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3, వీ, స్విచ్ కన్సోళ్ళలో ఒక్కొక్క కన్సోలుకూ వేర్వేరు తాళాలు ఉంటాయి. ఫ్లాష్ మెమరీలోని ముఖ్యమైన భాగాలు ఆ తాళంతో సంకేతీకరించబడతాయి. చెడకముందు తీసి ఉంచుకొన్న తన సొంత ప్రతి ఉంటేనే ఈ పద్ధతి సులభంగా ఫలిస్తుంది.

పాత ప్రతి ఉన్నా మరొక అడ్డంకి ఉన్నది. ఎక్స్‌బాక్స్ 360 ప్రాసెసరులో ఈఫ్యూజులు అనే సూక్ష్మమైన ఫ్యూజులు కలవు. కొన్ని నవీకరణలు వీటిలో ఒకదానిని శాశ్వతంగా కాల్చివేస్తాయి. కాలిన ఫ్యూజుల లెక్కకు సరిపోని పాత ఫర్మ్‌వేర్‌ను కన్సోలు అంగీకరించదు. నింటెండో స్విచ్‌లోనూ ఇటువంటి ఏర్పాటు ఉన్నది. భద్రతా లోపాలు గల పాత ఫర్మ్‌వేర్‌కు వెనుదిరగకుండా చేయడం దీని ఉద్దేశం. నవీకరణ చెడిన వాడుకరికి మాత్రం వెనుకకు దారి మూసుకుపోయినట్లే.

ఈ కారణంగా కన్సోళ్ళ మరమ్మత్తు చట్టపరమైన చర్చకు కూడా దారి తీసింది. అమెరికాలో డిజిటల్ తాళాలను ఛేదించడం కాపీహక్కుల చట్టం ప్రకారం నిషిద్ధం. 2021 అక్టోబరులో ఇచ్చిన మినహాయింపులలో గేమ్ కన్సోళ్ళకు సంబంధించినది డిస్కు డ్రైవు మరమ్మత్తుకు మాత్రమే పరిమితమైంది.

నివారణ

నవీకరణ మొదలుపెట్టే ముందు ఈ క్రింది జాగ్రత్తలు తీసుకొంటే ప్రమాదం చాలా వరకు తగ్గుతుంది.

సేవ్ ఫైళ్ళ ప్రతిని యూఎస్‌బీ డ్రైవులో గానీ, తయారీదారు ఇచ్చే ఆన్‌లైన్ నిల్వలో గానీ ముందుగా ఉంచవలెను.

చేతిలో పట్టుకొని ఆడే కన్సోలు అయితే బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జరు కూడా తగిలించి ఉంచవలెను. పీఎస్‌పీ నవీకరణ ప్రోగ్రాము ఛార్జరు తగిలించి, బ్యాటరీ తగినంత ఉంటేనే మొదలయ్యేది.

కరెంటు కోతలు ఉన్న ప్రాంతాలలో, కోత వేళలు తెలిస్తే ఆ వేళలను తప్పించవలెను. గాలివాన సమయంలో నవీకరణ చేయరాదు. కన్సోలును యూపీఎస్‌కు కలపడం ఉత్తమం. ఇళ్ళలో వాడే ఇన్వర్టర్లు కరెంటు పోయిన తరువాత బ్యాటరీకి మారడానికి కొద్దిపాటి వ్యవధి తీసుకొంటాయి. దీపాలకు, ఫ్యాన్లకు అది లెక్కలోనిది కాకపోయినా కన్సోలు ఆగిపోవడానికి చాలును. యూపీఎస్ స్థితి గల ఇన్వర్టరు అయితే దానిని ఆ స్థితిలో ఉంచవలెను.

వేరొక దేశం కోసం తయారైన కన్సోలుకు ఆ ప్రాంతపు ఫర్మ్‌వేర్‌నే వాడవలెను. విదేశాల నుండి బంధువులు తెచ్చి ఇచ్చిన కన్సోళ్ళ విషయంలో ఇది గమనించదగినది.

అనధికార ఫర్మ్‌వేర్ ఉన్న కన్సోలును అధికారిక నవీకరణతో కలపరాదు. ఇతరులు పంపిన ఫైళ్ళను ఎక్కించరాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఓపిక. "ఆపవద్దు" అనే హెచ్చరిక తెర మీద ఉన్నంతసేపూ పవర్ బటనును ముట్టుకోరాదు.

తయారీదారుల ఏర్పాట్లు

ఒకే ప్రతిని చెరిపి దాని స్థానంలో మరొకటి వ్రాసినంత కాలం ప్రమాదం పూర్తిగా తొలగదు. రెండు ప్రతులు ఉంచడం దీనికి పరిష్కారం. కొత్త ఫర్మ్‌వేర్‌ను రెండవ స్థానంలో వ్రాసి, సంతకాన్ని పరీక్షించి, అంతా సరిగా ఉన్న తరువాతే "ఇకపై దీని నుండి మొదలు కావలెను" అనే చిన్న గుర్తును మార్చుతారు. మధ్యలో కరెంటు పోయినా పాత ప్రతి అలాగే ఉంటుంది.

కంప్యూటర్లలో ఈ ఆలోచన పాతదే. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ అనేక కంప్యూటర్ల బయోస్‌ను చెరిపివేసింది. బయోస్ చిప్పులు రెండు ఉన్న మదర్‌బోర్డులు అయితే ఇటువంటి స్థితి నుండి రెండవ చిప్పుతో కోలుకోగలవు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2016 నాటి 7.0 సంచిక నుండి రెండు ప్రతుల పద్ధతికి అవకాశం కల్పించారు. కన్సోళ్ళలో వీ తన బూట్‌లోడరులో మారే భాగానికి రెండు ప్రతులు ఉంచింది. నింటెండో స్విచ్ తన సాధారణ వ్యవస్థకు, సురక్షిత స్థితికి కూడా ప్రధాన ప్రతిని, అదనపు ప్రతిని వేర్వేరుగా ఉంచుతుంది.

ఇందుకు అదనపు మెమరీ కావలెను. పీఎస్‌పీ తొలి నమూనాలో ఫ్లాష్ మెమరీ 32 మెగాబైట్లు మాత్రమే. స్విచ్ తొలి నమూనాలో అది 32 గిగాబైట్లు. మెమరీ ధర తగ్గుతూ వచ్చిన కొద్దీ రెండవ ప్రతికి చోటు ఇవ్వడం తయారీదారులకు భారం కాకుండా పోయింది. నవీకరణ మధ్యలో కరెంటు పోవడం వాడుకరి చేతిలో లేని విషయం. అది జరిగినా కన్సోలు తిరిగి లేవగలగడం మాత్రం దానిని రూపొందించిన వారి చేతిలో ఉన్న విషయం.

ఇవి కూడా చూడండి

ఫర్మ్‌వేర్
ఫ్లాష్ మెమరీ
బూట్‌లోడరు
వీడియో గేమ్ కన్సోలు
ప్లేస్టేషన్ పోర్టబుల్
డిజిటల్ సంతకం
యూపీఎస్